మహారాజశ్రీ మంకీ క్యాప్ గారికి

అయ్యా,

కావలి నుంచి ఒక మోటారు సైకిలు యజమాని వ్రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి. కార్తీకం దాటీ దాటకముందే పెట్టె అడుగున కలరా ఉండల మధ్య నుంచి తమరు లేచి వచ్చి, మా ఊరి తలలన్నిటినీ స్వాధీనం చేసుకున్నందుకు సంతోషం. బయట ఇరవై డిగ్రీలు. తగ్గితే ఇంకో రెండు తగ్గుతుంది. ఆ మాత్రానికే తెల్లవారుజామున ట్రంకు రోడ్డు మీద కళ్లూ ముక్కూ తప్ప ఏమీ కనిపించని మనుషులు బండ్ల మీద బారులు తీరితే, అప్పుడే రైలు దిగిన కొత్తవాడు పర్సు తడుముకుంటున్నాడు.

తమరి వంశం గొప్పదే, కాదనను. క్రిమియా యుద్ధంలో 1854 నాటి చలికి బాలాక్లావా దగ్గర వణికిపోయిన బ్రిటిష్ సైనికులకు అల్లి పంపిన ఉన్ని టోపీలే తమరి పూర్వీకులంటారు. తమరి దాయాదులు చలిదేశాల్లో ఇప్పటికీ కొలువు చేస్తున్నారు. జర్మనీలో 1956లో మొదలైన మోటారు సైకిళ్ల సమావేశం ఒకటుంది. పేరులో ఏనుగు ఉంటుంది గానీ వచ్చేది మనుషులే. బవేరియా అడవిలో, నడి చలికాలంలో, కావాలని వెళ్లి మంచు మీద గడ్డి పరుచుకుని డేరాల్లో పడుకుంటారు. బండి జారిపోకుండా చాలామంది పక్కన తొట్టి తగిలించుకుని వస్తారు. హ్యాండిల్ పిడుల్లో వేడి తీగలు, హెల్మెట్ అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల రెండో పొర. తమరి దాయాది సన్నని పట్టుతోనో ఉన్నితోనో తయారై, ఆ హెల్మెట్ కింద అణగిమణిగి ఉంటాడు. ఆ ఒక్క గుణమే తమరికి అబ్బలేదు.

తమరు తలకెక్కాక హెల్మెట్ తలకు పట్టదు. బలవంతంగా తొడిగితే చెవులు నలుగుతాయి. ఇద్దరిలో ఒకరే అన్నప్పుడు మావాళ్లు తమరికే ఓటు వేస్తారు. హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని ఊరేగుతుంది. దూరాన ఖాకీ కనిపిస్తే మాత్రం అప్పటికప్పుడు తమరి నెత్తినెక్కి, మలుపు తిరగగానే దిగిపోతుంది. హెల్మెట్ పెట్టుకోమనే మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లో ఉన్ని ఊసే లేదని తమరికి ఎవరూ చెప్పలేదా?

చలి అబద్ధమని నేననడం లేదు. సున్నా డిగ్రీల్లో గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి తగిలేది మైనస్ పది చలి. లద్దాఖ్‌లో 5,359 మీటర్ల ఎత్తున ఖార్దుంగ్ లా కనుమ ఎక్కేవాడికి ఈ లెక్క కావాలి. అయితే గాలి చలిని కొలిచే ఆ సూత్రం పది డిగ్రీలు దాటితే వర్తించదు. అంటే మన నెల్లూరు చలికి శాస్త్రంలో సూత్రమే లేదు. దాన్ని తమరొక్కరే కనిపెట్టారు.

మా అసలు బాధ వాన. ఈశాన్య రుతుపవనాలు ఇక్కడ దిగేది ఈ నెలల్లోనే. తడిసిన చొక్కాకు గాలి తగిలితే ఒళ్లు జివ్వుమంటుంది. తమరు మాత్రం ముసురంతా పీల్చుకుని, మర్నాటికి కూడా ఆరక, వాసన వేస్తూ తీగ మీద వేలాడతారు. ఇక మైపాడు నుంచి వేకువన చేపలు తెచ్చే మనిషిని చూడండి. జిల్లాలో ఐసుతో ప్రయాణం చేసేది ఆయన మోపెడే. ఆ ఐసులో పెట్టి తీసిన చేతులతోనే బ్రేకు పట్టుకోవాలి. చలిదేశాల వాళ్లు మొదట కాపాడుకునేది వేళ్లనే, మొద్దుబారితే బ్రేకు ఆలస్యమవుతుందని. ఇక్కడ చెవులకు తమరున్నారు. వేళ్లకు మాత్రం తమరి కుటుంబంలో దిక్కెవరూ లేరు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, తమరూ పెట్టెలోకి వెళ్తారు. హెల్మెట్ మాత్రం ట్యాంకు మీద నుంచి కదలదు. అప్పటికి ఉక్కపోత వస్తుంది, తల ఉడికిపోతోందంటారు. ఆ లేఖ సూర్యభగవానుడికి విడిగా రాసుకుంటాను.

ఇట్లు,
తమరి వల్ల చెవులు నలిగిన విధేయుడు