పెద్దకూరకు నాలుగు నిమిషాలట!

(ముషీరాబాద్‌లో రెండు గదుల ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం. వంటింట్లో సన్నీ కత్తి నూరుతున్నాడు. గుమ్మంలో అమ్మ, చేతిలో కుక్కర్ విజిల్.)

అమ్మ: కుక్కర్ కడిగి పెట్టిన. ముక్కలేవిరా?

సన్నీ: కుక్కర్ అక్కర్లేదమ్మా. ఇయ్యాల బీఫ్ పెప్పర్ ఫ్రై. నాలుగు నిమిషాల్ల అయితది.

అమ్మ: దున్న కూర ఏడు విజిల్స్‌కే మొండికేస్తది. నాలుగు నిమిషాలట!

సన్నీ: నువ్వు వండేది తొడ ముక్క. ఇది అండర్‌కట్, అర్ధకిలో. వెన్ను కింద ఉంటది, పని చెయ్యని కండ. అందుకే మెత్తగుంటది.

అమ్మ: నీ లెక్కనే అన్నమాట. మరి డీప్ ఫ్రీజర్‌ల ఎందుకు పెట్టినవ్?

సన్నీ: ముప్పావు గంట పెడితే జర గట్టిపడ్తది. అప్పుడే 3 మిల్లీమీటర్ల మందం కొయ్యొస్తది. మెత్తగుంటే కత్తి కింద జారుతది.

అమ్మ: ఆగాగు! నార ఎటు పోతుందో చూసినవా? దానికి అడ్డంగ కొయ్యాలె. నువ్వు నార ఎంబడే కోస్తున్నవ్. తినేటోళ్ల పండ్లల్ల దారాలు ఇరుక్కుంటయ్.

సన్నీ: (ముక్కను మెల్లగా తిప్పి) తెలుసు.

అమ్మ: తెలిసినోడు తిప్పుతడా? సరే, పచ్చి బొప్పాయి రాస్తవా?

సన్నీ: గింత సన్నటి ముక్కకు బొప్పాయి పెడితే పిండైతది. రెండు చెంచల సోయా సాస్, ఒక చెంచ కార్న్‌ఫ్లోర్, ఒక చెంచ నూనె. ఇరవై నిమిషాలు. కార్న్‌ఫ్లోర్ ముక్క చుట్టూ పొర కడ్తది, లోపలి నీళ్లు బయటికి రావు.

అమ్మ: ఉప్పేది?

సన్నీ: సోయాలనే ఉంది. చివర్ల రుచి చూసి ఏసుకుంట.

అమ్మ: పెప్పర్ అంటివి, క్యాప్సికం కోస్తున్నవ్?

సన్నీ: అదీ పెప్పరే, మిరియమూ పెప్పరే.

అమ్మ: ఇంగ్లీషోళ్లకు పేర్లు కరువా?

సన్నీ: మిరియాలు ఎతకబోయినోళ్లకు మిరపకాయ దొరికింది, దానికీ అదే పేరు పెట్టిండ్రు. మన మిరపకాయ పేరు మిరియం లెక్క లేదా?

అమ్మ: ఆ నాన్‌స్టిక్ పెనం పక్కన పెట్టు. నువ్వు చెప్పే మంటకు పూత పోతది. నా ఇనుప మూకుడు తియ్యి.

(మూకుడు పొగలు కక్కింది. సన్నీ నూనె పోసి అర్ధకిలో మొత్తం ఒక్కసారే గుమ్మరించాడు. చుయ్యిమన్న చప్పుడు రెండు క్షణాల్లో చల్లారింది.)

అమ్మ: సప్పుడు బంద్ అయింది, ఇన్నవా? అన్ని ముక్కలు ఒక్కసారే పడితే మూకుడు సల్లారి నీళ్లు ఊర్తయ్. గది వేగుడు కాదు, ఉడుకుడు. సగం తియ్యి!

సన్నీ: (గబగబా సగం పళ్లెంలోకి తీస్తూ) రెండు వాయిలు ఏద్దామనే అనుకున్న.

అమ్మ: గంటె ఊపకు. నిమిషం ముట్టకు, అడుగు ఎర్రగ కానియ్యి. తర్వాత అర నిమిషం తిప్పి తియ్యి.

(రెండో వాయి కూడా అయింది. ఉల్లిగడ్డ, క్యాప్సికం రెండు నిమిషాలు పెద్ద మంట మీద, ఎల్లిపాయ చివర అర నిమిషం.)

అమ్మ: మిరియాలు ముందే ఎయ్యలేదేంది?

సన్నీ: మాడితే చేదు, వాసన కూడా పోతది. ఇప్పుడు దంచి చెంచన్నర. పళ్లెంల ముక్కలు, ఊరిన రసం కూడా ఏసేస్త, ఆ రసమే గ్రేవీ.

అమ్మ: ముప్పావు గంట ఫ్రీజర్‌ల, ఇరవై నిమిషాలు నానుడు, కోసుడు, మూడు సార్లు వేయించుడు. నాలుగు నిమిషాలంటివి కదరా? గీ పాటికి నా కుక్కర్ రెండుసార్లు దిగుతుండె.

సన్నీ: పొయ్యి మీద లెక్క చెప్పిన, గదీ ఒక్క వాయికి. తిను ముందుగాల, సల్లారితే గట్టిపడ్తది.

అమ్మ: (ఒక ముక్క నమిలి, ఇంకోటి తీసుకుని) మెత్తగనే ఉంది. అన్నమేది?

సన్నీ: ...

అమ్మ: అన్నం ఎక్కియ్యలే?

సన్నీ: ఆ విజిల్ ఇటియ్యమ్మా.