ఊరి నీళ్ల లెక్క హైస్కూలు పిల్లల చేతికివ్వండి

తొమ్మిదో తరగతి పిల్లలను ఆమ్ల వర్షం అంటే ఏమిటని అడగండి, గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. తాజ్‌మహల్ పాలరాయి ఎందుకు పసుపుబారుతోందో, మథుర రిఫైనరీ ప్రస్తావన అక్కడ ఎందుకు వస్తుందో కూడా చెబుతారు. మీ బడి బోరులో ఫ్లోరైడ్ ఎంత ఉందంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తప్పు వాళ్లది కాదు. ఆ ప్రశ్న వాళ్లను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆగ్రా దాకా వెళ్లిన చదువు బడి ఆవరణలోని చేతిపంపు దగ్గరికి రాలేదు. హైస్కూళ్లలో పర్యావరణ విద్య పేరుతో జరుగుతున్న తంతును ఆపేయాలన్నది నా వాదన. పిల్లలు తమ ఊరి నీటిని, గాలిని, చెత్తను స్వయంగా పరిశీలించాలి, కొలవాలి, రాయాలి. రాసినదాన్ని ఊరి ముందు చదవాలి. మార్కులు దానికే వేయాలి.

ఇప్పటిదాకా జరిగింది పాఠకులకు తెలిసిందే. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయమంది. అది సరిగా అమలు కాక 2003లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. 2001లో జాతీయ హరిత దళం అనే కేంద్ర పథకం మొదలై వేల బడుల్లో ఎకో క్లబ్బులు వెలిశాయి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనులకు విడిగా మార్కులు పెట్టారు. ఏర్పాట్లకు లోటు లేదు. పర్యావరణ దినం పేరిట ర్యాలీ తీస్తాం, ప్లకార్డులు పట్టిస్తాం, ఒక మొక్క చుట్టూ పది మందిని నిలబెట్టి ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం. ప్రాజెక్టు అంటే నెట్ సెంటర్లో ప్రింటు తీసిన నాలుగు పేజీలు, పుస్తకాల షాపులో కొన్న బొమ్మల చార్టు. జలకాలుష్యం మీద చార్టు అతికించిన అమ్మాయి ఇంటికి వెళ్లేది నురగలు కక్కుతున్న కాలువ గట్టు మీదుగానే. ఆ కాలువ పేరు ఆమె చార్టులో ఎక్కడా ఉండదు.

ఇంతకంటే బాగా చేసినవాళ్లు మనలోనే ఉన్నారు. 1993 నుంచి నడుస్తున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు చిన్న జట్లుగా ఏర్పడి స్థానిక సమస్య ఒకటి పట్టుకుని పరిశోధిస్తారు. సెలవు రోజుల్లో పిల్లలను వెంటేసుకుని ఇంటింటి సర్వే చేయించిన సైన్స్ టీచర్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, వాళ్లకు దండం పెట్టాలి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972లో 16 బడులతో మొదలైన సైన్స్ బోధన, పిల్లలు చేతులతో చేసి చూసి నేర్చుకునే పద్ధతిని 30 ఏళ్లు నిలబెట్టింది. 2002లో ప్రభుత్వమే దాన్ని ఆపేసింది. యూరప్‌లో పుట్టి అనేక దేశాలకు పాకిన ‘యంగ్ రిపోర్టర్స్ ఫర్ ది ఎన్విరాన్‌మెంట్’ కార్యక్రమం ఇంకో అడుగు ముందుకేసింది. సమస్యను పరిశోధించి ఊరుకోవడం కుదరదు, దాన్ని వార్తగా రాసి స్థానికులకు చేర్చడం కూడా పిల్లల పనే అంటుంది. మన దగ్గర తెగిపోయింది సరిగ్గా ఈ చివరి లింకే. సైన్స్ కాంగ్రెస్‌కు ఎంపికైన ప్రాజెక్టు జిల్లా దాటి రాష్ట్ర స్థాయికి వెళ్తుంది, సర్టిఫికెట్‌తో తిరిగొస్తుంది, బీరువాలోకి చేరుతుంది. ఎవరి బోర్ల నీళ్లు పరీక్షించారో ఆ వీధివాళ్లకు ఫలితం ఏమిటో తెలియదు.

పని ఎంత చిన్నదో చూడండి. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లకు ఇచ్చే నీటి పరీక్ష కిట్‌లాంటిది ఒకటి చాలు. గొట్టంలో గీత దాకా నీళ్లు పోయాలి, సీసాలోని ద్రావణం చెప్పినన్ని చుక్కలు వేయాలి, కాసేపాగి రంగును కార్డు మీది రంగులతో పోల్చాలి. గులాబీ నుంచి పసుపు వైపు జరిగేకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. ఇద్దరు పిల్లలు ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పకుండా విడివిడిగా రంగు చదవాలి. మూడో పిల్ల రెండూ రాయాలి. తేడా వస్తే మళ్లీ మొదటికి. ఏ బోరు, ఏ తేదీ, ఎన్ని గంటలకు, పంపు ఎంతసేపు కొట్టాక పట్టిన నీళ్లు, అన్నీ రిజిస్టర్లో పడాలి. బ్యాక్టీరియా పరీక్ష ఇంకా తేలిక. ఇందుకోసం మందు వేసి ఇచ్చే చిన్న సీసాలో నీళ్లు పట్టి మూత బిగించి గది మూల పెడితే, మలంతో కలుషితమైనవైతే ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. తాను రోజూ తాగే కుళాయి నీళ్లు సీసాలో నల్లబడటం కళ్లారా చూసిన పిల్లకు కలరా పాఠం ఇంకెవరూ వల్లె వేయించక్కర్లేదు.

అసలు చదువు ఆ తర్వాత మొదలవుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఊరి ట్యాంకు నీళ్లు ఈ హద్దులోనే ఉండి, ఎస్సీ కాలనీ బోరులో 2 దాటిందనుకోండి. పిల్లలు వెంటనే అడుగుతారు: ఆ బోరు ఎంత లోతు? ఎప్పుడు వేశారు? ట్యాంకు పైపులైను అక్కడిదాకా ఎందుకు వెళ్లలేదు? రసాయన శాస్త్రం పీరియడ్‌లో పుట్టిన ప్రశ్న సాంఘిక శాస్త్రం పీరియడ్‌లోకి నడిచి వెళ్తుంది. దర్శి, పొదిలి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ గురించి, దానివల్ల వచ్చే ఎముకల జబ్బు గురించి 1937లోనే శాస్త్రవేత్తలు రాశారు. నల్గొండ జిల్లాలో నడుములు వంగిపోయిన తరాలను కళ్లతో చూశాం. ఇన్ని దశాబ్దాల్లో ఆ పల్లెల బడులు బోరుబోరుకూ ఒక పేజీ పెట్టి రాసుకుంటూ వచ్చి ఉంటే, ఏ బోరు ఏ ఏడాది చెడిందో చెప్పే చరిత్ర ఇవాళ ఊరి చేతిలో ఉండేది.

పిల్లల కొలతలకు విలువేముంటుందని అడుగుతారు. 1964లో జపాన్‌లో ఏం జరిగిందో తెలిస్తే ఆ మాట అనరు.

ఫుజి పర్వతానికి దిగువన, షిజువోకా ప్రాంతంలో మిషిమా, నుమాజు పట్టణాలు ఉన్నాయి. అక్కడ చమురు శుద్ధి కర్మాగారం, రసాయనాల ఫ్యాక్టరీ, థర్మల్ కేంద్రం కలిపి భారీ పెట్రో కెమికల్ సముదాయం పెడతామని 1963 చివర్లో ప్రకటించారు. అప్పటికే యొక్కాయిచి అనే పట్టణంలో అలాంటి సముదాయం వదిలే పొగకు జనం ఉబ్బసంతో అల్లాడిపోతున్నారు. మిషిమా, నుమాజు వాసులు స్వయంగా అక్కడికి వెళ్లి చూసి వచ్చారు. ప్రభుత్వం నిపుణుల బృందాన్ని దింపింది. ఆ బృందం దగ్గర హెలికాప్టర్ ఉంది, గాలి ప్రవాహాన్ని పరీక్షించే విండ్ టన్నెల్ ఉంది. స్థానికుల వైపు ఉన్నది మిషిమాలోని జన్యుశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కొందరు, నుమాజు సాంకేతిక హైస్కూలు ఉపాధ్యాయులు, వాళ్ల విద్యార్థులు.

మే 5 జపాన్‌లో బాలల పండుగ. ఆ పండుగ రోజుల్లో పిల్లలున్న ఇళ్ల ముందు పొడవాటి కర్రలకు గుడ్డ చేపలు కట్టి ఎగరేస్తారు. గాలి నోట్లోంచి దూరి చేప ఉబ్బుతుంది, గాలి ఎటు పోతే తోక అటు తిరుగుతుంది. ఊరంతా ఎగురుతున్న ఆ చేపలే ఆ ఉపాధ్యాయులకు పరికరాలయ్యాయి. సుమారు 300 మంది విద్యార్థులు తమ తమ ఇళ్ల చుట్టుపక్కల చేపలు ఏ వేళకు ఎటు తిరుగుతున్నాయో రోజుల తరబడి రాశారు. ఉపాధ్యాయులు ఆ అంకెలన్నీ పటం మీదికి ఎక్కించారు. సముద్రపు గాలి, కొండగాలి కలిసి ఆ పల్లపు నేల మీద ఎలా మెలికలు తిరుగుతాయో ఊరందరికీ కనపడింది. పొగగొట్టాలు ఎత్తుగా కడితే పొగ తేలిగ్గా చెదిరిపోతుందన్న భరోసాను నిలదీయడానికి జనం చేతికి ఆధారం దొరికింది. సెప్టెంబరులో నుమాజులో దాదాపు 25 వేల మంది వీధుల్లోకి వచ్చారు. ఏడాది తిరగకుండానే ఆ ప్రతిపాదన రద్దయింది. అదంతా పిల్లలే సాధించారని అనను. రైతులు, మత్స్యకారులు, గృహిణులు, శాస్త్రవేత్తలు అందరూ కలిస్తేనే అయింది. కానీ ఆ 300 నోటు పుస్తకాలు లేకపోతే వాళ్ల మాట నినాదంగానే మిగిలిపోయేది.

హెలికాప్టర్ ఎగిరింది కొద్దిసేపే. పిల్లలు మాత్రం ప్రతి వీధిలో ఉన్నారు, పొద్దున్నా సాయంత్రం అక్కడే ఉన్నారు. ఊరి పర్యావరణాన్ని గమనించడానికి ఇంతకు మించిన యంత్రాంగం ఏ ప్రభుత్వమూ పెట్టలేదు. కాలుష్య నియంత్రణ మండలి అధికారి ఒక జిల్లా మొత్తానికి ఎన్నిసార్లు వెళ్లగలడు? హైస్కూలు మాత్రం దాదాపు ప్రతి పెద్ద ఊళ్లో ఉంది. అందులో చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పిల్లలున్నారు, సైన్స్ టీచరున్నారు, తారీఖు వేసి రాసే అలవాటుంది.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. పిల్లల లెక్కల్లో తప్పులుంటాయంటారు, ఫ్యాక్టరీ జోలికి పోతే ప్రమాదమంటారు, బడిలోకి రాజకీయాలు తెస్తున్నారంటారు, యాప్‌లతోనే టీచర్లకు ఊపిరాడటం లేదంటారు. చివరిది అక్షరాలా నిజం. అందుకే ఇది కొత్త భారం కాకూడదు, ఇప్పుడున్న ప్రాజెక్టు పనిని తీసేసి ఆ స్థానంలో రావాలి. తప్పుల సంగతికొస్తే, అనుమానం వచ్చిన నమూనాను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపితే తేలిపోతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బులకు కారణం ఇదీ అని పెద్ద పెద్ద పరిశోధనలే గట్టిగా తేల్చలేకపోయాయి, దాన్ని పిల్లలు తేల్చాలని ఎవరూ కోరడం లేదు. వాళ్ల పని ఉన్నదున్నట్టు రాసిపెట్టడం వరకే. ఫ్యాక్టరీ గోడ దాటకూడదు, మురుగులో దిగకూడదు, నివేదిక మీద బడి పేరే తప్ప పిల్లల పేర్లు ఉండకూడదు. ఇక రాజకీయమంటారా, బోరులో ఫ్లోరైడ్ ఎంతో రాయడం ఏ పార్టీ ప్రచారమూ కాదు.

నేను ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ సభలు చూసినవాళ్లకు అది వెంటనే అర్థమవుతుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం గనికో ఫ్యాక్టరీకో అనుమతి ఇచ్చే ముందు జరపాల్సిన సభ ఇది. షామియానా వేస్తారు, బారికేడ్లు పెడతారు, వేదిక మీద అధికారులు కూర్చుంటారు. రైతు మైకు పట్టుకుని మా బావులు పాడైపోతాయి సారూ అంటాడు. కంపెనీ కన్సల్టెంటు లేచి వందల పేజీల ఇంగ్లిష్ నివేదికలోంచి అంకెలు చదువుతాడు. గాలిలో దుమ్ము ఇంత, నీటిలో లవణాలు ఇంత, అన్నీ పరిమితుల్లోనే. రైతుకు దొరికేది తెలుగులో నాలుగు పేజీల సారాంశం. ఆ అంకెలు సాధారణంగా వర్షాకాలం కాని ఒక మూడు నెలల్లో సేకరించినవి. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని కోసం ఇచ్చిన నివేదికలో రష్యాలోని గని వివరాలు ఎత్తి రాశారని బయటపడింది. అలాంటి నివేదికను కూడా అక్కడికక్కడే కాదనడానికి ఊరి దగ్గర ఏముంటుంది? తన ఊరి నీళ్లు నిరుడు ఎలా ఉన్నాయో, అంతకు ముందేడు ఎలా ఉన్నాయో చూపే కాగితం ఒక్కటీ ఉండదు.

హైదరాబాద్ పక్కనున్న పారిశ్రామిక ప్రాంతం పటాన్‌చెరు మనకు ఇదే నేర్పింది. నక్కవాగు నీళ్లు విషమయ్యాయని ఆ పల్లెలవాళ్లు 1980ల నుంచీ మొత్తుకున్నారు. 1990లోనే గొడవ సుప్రీంకోర్టుకు చేరింది. స్వీడన్ పరిశోధకులు అక్కడి ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఆ అంకె బయటికి వచ్చాకే ప్రపంచం పటాన్‌చెరు వైపు తిరిగి చూసింది. హైస్కూలు పిల్లలు యాంటీబయాటిక్‌ను కొలవలేరు, నిజమే. వాగు రంగు ఏ రోజు మారింది, చేపలు ఏ తేదీన తేలాయి, ఘాటు వాసన రాత్రి ఎన్ని గంటలకు వచ్చింది, ఆ రోజు వాన పడిందా లేదా అన్నవి రాయగలరు. వాన పడే రాత్రి చూసి వ్యర్థాలు వదిలేస్తున్నారన్నది ఫార్మా ఫ్యాక్టరీల పక్క ఊళ్ల పాత ఫిర్యాదు. ఐదారేళ్ల తేదీలు వరుసగా ఉన్న రిజిస్టరును ఏ అధికారీ పుకారని కొట్టేయలేడు.

కాబట్టి విద్యాశాఖ చేయాల్సింది పెద్దదేమీ కాదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల సైన్స్ ప్రాజెక్టు మార్కులు సొంత ఊరి మీద చేసిన పరిశీలనకే ఇవ్వాలని ఒక ఉత్తర్వు, బడికో నీటి పరీక్ష కిట్, ఏటా మారని ఒక రిజిస్టరు. పై తరగతికి వెళ్లిన పిల్లలు దాన్ని కింది తరగతివాళ్లకు అప్పగించాలి. పట్టణాల బడులు శబ్దంతో మొదలుపెట్టవచ్చు. బడులు, ఆసుపత్రుల చుట్టూ ఉండే నిశ్శబ్ద మండలంలో పగటి పరిమితి 50 డెసిబెల్స్. బడి గేటు దగ్గర ఎంత మోగుతోందో, ఏ వేళ ఎక్కువవుతోందో అంచనా వేయడానికి టీచరు ఫోను చాలు. ఆక్వా చెరువుల పక్క ఊళ్లలో బోర్ల ఉప్పదనం, రైస్ మిల్లుల దగ్గర ఆరేసిన బట్టల మీద పడే ఊక బూడిద, గ్రానైట్ క్వారీల దగ్గర ఆకుల మీద పేరుకునే దుమ్ము, దేన్ని పట్టుకోవాలో పిల్లలే చెబుతారు. నివేదిక ఒక పేజీ మించకూడదు, తెలుగులో ఉండాలి. ఒక ప్రతి పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించాలి, ఇంకొకటి ప్రధానోపాధ్యాయుల సంతకంతో మండల అధికారులకు పంపి రసీదు తీసుకోవాలి. జూన్ 12న బడి తెరిచాక మొదటి వారంలోనే కొలవడం మొదలుపెడితే, అక్టోబరు 2 గ్రామసభకు వానలకు ముందు బోర్ల లెక్క, వానలు పడ్డాక మారిన లెక్క రెండూ సిద్ధంగా ఉంటాయి. ఆ పేజీని సభలో పిల్లల చేతే చదివించి, పంచాయతీ కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి.