పాము నల్లి ఒక్కరోజులో పోతుందా?

మిర్యాలగూడలో ఉంటున్న మా మేనల్లుడు ఈ వేసవి మొదట్లో తన బాల్ పైతాన్ (ఇళ్లలో పెంచుకునే విదేశీ కొండచిలువ) రెండు రోజులుగా నీళ్ల గిన్నెలోంచి బయటికి రావడం లేదని ఫోన్ చేశాడు. ఆ వెంటనే వాట్సాప్‌లో తనకు వచ్చిన ఒక సలహాను పంపి, "మామా, ఇదొక్కటి చేస్తే సరిపోతుందా?" అని అడిగాడు. మరుసటి వారంలో అదే సలహాను నల్లగొండ నుంచి ఒకరు, మహబూబ్‌నగర్ నుంచి మరొకరు నాకు పంపించారు. దాని సారాంశం ఇది: "పెంపుడు పాముకు నల్లి పడితే డాక్టరు అక్కరలేదు. వేపనూనెలో కిరసనాయిలు కలిపి తల నుంచి తోక దాకా రుద్దండి. పెట్టెతో సహా గంటసేపు ఎండలో ఉంచండి. తరువాత పెట్టెలో రెండు కలరా ఉండలు వేయండి. అప్పటికీ పోకపోతే గొర్లకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదిమందు ఒక చుక్క నోట్లో వేయండి. ఒక్కరోజులో అంతా మాయం. మన పాములవాళ్లు తరతరాలుగా చేసింది ఇదే. ఈ నల్లి మనిషిని ముట్టదు."

ఇదంతా పచ్చి అబద్ధమైతే ఇంతమంది నమ్మేవారు కారు. నూనె పూస్తే ఒంటి మీది నల్లికి ఊపిరాడకపోవడం నిజమే, ఐవర్‌మెక్టిన్‌ను పశువైద్యులు పాములకు వాడుతున్న మాటా నిజమే. ఆ రెండు నిజాల చాటున మిగతావన్నీ చెల్లుబాటవుతున్నాయి కాబట్టి, ఒక్కొక్కదాన్నీ విడదీసి చూడవలసి ఉంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు "ఒక్కరోజులో" అన్న మాటలోనే ఉంది. మన దగ్గర మిరపకు పట్టేదాన్నీ నల్లి అంటాము, మంచంలో కుట్టేదాన్నీ నల్లి అంటాము. పాముకు పట్టేది ఈ రెండూ కాదు. 1844లోనే శాస్త్రజ్ఞులు వర్ణించిన ఈ జీవికి ఓఫియోనిస్సస్ నాట్రిసిస్ అని పేరు. ఎనిమిది కాళ్లతో, ఎదిగాక కూడా సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే ఉండి, రక్తం తాగాక నల్లగా ఆవగింజ ముక్కలా కనిపిస్తుంది. గుడ్డు నుంచి పూర్తిగా ఎదిగేదాకా దీనికి ఐదు దశలుంటే, వాటిలో రెండు దశల్లో మాత్రమే రక్తం కోసం పాము మీదికి ఎక్కుతుంది. మిగతా కాలమంతా పెట్టె మూలల్లో, కొయ్య పగుళ్లలో, అడుగున పరిచినదాని కింద చీకటిగా, తేమగా ఉన్న చోట గడుపుతుంది. ఆడ నల్లి గుడ్లు పెట్టేది కూడా అక్కడే, అదీ జీవితకాలంలో అరవై నుంచి ఎనభై దాకా. 25 నుంచి 30 డిగ్రీల వేడిలో గుడ్డు ఒకటి నుంచి నాలుగు రోజుల్లో పగిలి, మొత్తం చక్రం 13 నుంచి 19 రోజుల్లో పూర్తవుతుంది. ఎదిగిన నల్లి నలభై రోజుల దాకా బతుకుతుంది. పాము ఒంటి మీద ఉన్న ప్రతి నల్లినీ ఈ రోజే చంపినా, పగుళ్లలో ఉన్న గుడ్లు ఎల్లుండి పగులుతాయి, పదిహేను రోజులకు కథ మళ్లీ మొదటికి వస్తుంది. "పోయింది, మళ్లీ వచ్చింది" అని చాలామంది అనేది దీన్ని గురించే. నిజానికి అది పోనేలేదు.

అందువల్ల వైద్యంలో సగానికి పైగా పెట్టెకు చేయవలసిందే, సలహాలో మాత్రం పెట్టెను కడగాలన్న మాటే లేదు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పుణ్యమా అని ఊకకు కొరత ఉండదు కనుక, మావాడు పెట్టెలో మూడంగుళాల మందాన ఊక పరిచాడు. నల్లికి అంతకన్నా మంచి ఇల్లు మనం కట్టివ్వలేము. ఆ ఊకను సంచిలో మూటకట్టి ఇంటి బయట పారేసి, దాక్కోవడానికి పెట్టిన కొయ్య దుంగను వదులుకొని, పెట్టె మూలలనూ మూత అంచులనూ సబ్బు కలిపిన బాగా వేడినీళ్లతో రుద్ది కడిగి, ఆరబెట్టి, అడుగున తెల్ల కాగితం మాత్రమే పరిచి, దాన్ని రోజూ మార్చవలసి ఉంటుంది. యాభై డిగ్రీలు దాటిన వేడికి నల్లి గానీ గుడ్డు గానీ నిలవదు. ఖర్చు లేని పనే, కానీ ఆరు వారాల ఓపిక కావాలి.

మందు మాట ఎత్తేముందు అసలు అది పాము నల్లేనా అని తేల్చుకోవడం కూడా అవసరం. ఊకలోనూ రంపపు పొట్టులోనూ బూజు తిని బతికే పాలిపోయిన సన్నటి పురుగులు ఉంటాయి, అవి పామును కుట్టవు. తెల్ల కాగితంతో పాము ఒంటిని మెల్లగా తుడిచి, అంటుకున్న నల్లచుక్కను నలిపితే ఎర్రటి మరక పడుతుంది. నీళ్ల గిన్నె అడుగున మునిగి చచ్చిన నల్లచుక్కలు, కంటి చుట్టూ, దవడ కింది మడతలో ఉబ్బిన పొలుసులు, గంటల తరబడి నీళ్లలోనే పడి ఉండడం మిగతా గుర్తులు. అలా నీళ్లలో ఉన్నంత మాత్రాన పాము తనను తాను బాగుచేసుకుంటుందని అనుకోకూడదు. మునిగిన ఒంటి మీది నల్లులు చస్తాయి గానీ, ఊపిరి కోసం పైన పెట్టిన తల మీదికి మిగిలినవన్నీ చేరతాయి.

ఇక కిరసనాయిలు. పాముకు కంటిరెప్పలు లేవు. కంటి మీద పారదర్శకమైన పొర ఉండి, దాని అంచు మడతలోనే నల్లి దాక్కుంటుంది, "తల నుంచి తోక దాకా" రుద్దినవాడి చేయి కిరసనాయిలును సరిగ్గా అక్కడికే తీసుకెళుతుంది. నల్లి కుట్టిన చోట చర్మం అప్పటికే పుండై ఉంటుంది. పాముకు మనలా గట్టిగా దగ్గే శక్తి లేదు కాబట్టి, ముక్కులోకి దిగిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియాకు దారితీస్తుంది. కిరసనాయిలు లేని నూనెను గుడ్డతో పలుచగా పూస్తే కొంత ఉపశమనం ఉంటుంది, అంతే.

ఎండలో పెట్టమన్న మాట రాసినవారు మన నల్లగొండ ఎండను ఎరిగినవారైతే ఆ మాట రాసి ఉండరు. మే నెలలో ఇక్కడ నీడలోనే 44, 45 డిగ్రీలు చూస్తున్నాము. మూసిన గాజు పెట్టెలో అది నిమిషాల్లో ఇంకా పైకి పోతుంది. బాల్ పైతాన్‌కు పెట్టెలో అతి వెచ్చని చోటు కూడా 32, 33 డిగ్రీలకు మించకూడదు, దానికి చెమట పట్టదు, ఒంటి వేడి తగ్గించుకోవడానికి నీడకు జరగడం ఒక్కటే దారి. ఆ పెట్టెలో పగుళ్ల నీడ నల్లికి దొరుకుతుంది, పాముకు దొరకదు. కలరా ఉండల సంగతి వేరే చెప్పనక్కరలేదు: ఆ ఆవిరిని మూసిన పెట్టెలో రాత్రంతా పీల్చేది పామే.

ఐవర్‌మెక్టిన్ విషయంలో మాత్రం లెక్క చూపించాలి, ఎందుకంటే గొర్లను మేపే మన ఇళ్లలో ఈ సీసా చాలాచోట్ల ఉంటుంది. గొర్లకూ పశువులకూ వేసే ఒక శాతం మందులో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది, యాభై కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు వేస్తారు. పాముకు వైద్యులు సాధారణంగా లెక్కగట్టేదీ అదే పాళ్లలో, కిలోకు 0.2 మిల్లీగ్రాములు, సుమారు రెండు వారాల ఎడంతో. అంటే అర కిలో పాముకు కావలసింది 0.1 మిల్లీగ్రాము, సీసాలోని మందు రూపంలో 0.01 మిల్లీలీటరు. సిరంజి నుంచి పడే ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు, అంటే ఐదింతలు. ఈ మందు ఎక్కువైతే పాము మెడ వాల్చేస్తుంది, వెల్లకిలా పడితే తిరిగి బోర్లా తిరగలేదు, చచ్చిపోనూవచ్చు. వైద్యుడు దీన్ని పలుచన చేసి, పామును తూచి ఇస్తాడు. అదే ఇంట్లో తాబేలు కూడా ఉంటే దానికి ఈ మందు తగలనే కూడదు, తాబేళ్లకు ఇది ప్రాణాంతకం. మిరప తోటకు కొట్టే నల్లి మందును పెట్టెలో చల్లవచ్చా అని ఒకరు అడిగారు. పంటకు తయారుచేసిన మందుకు పాము మీద మోతాదు అంటూ ఏదీ లేదు, చల్లకూడదు.

పాములవాళ్ల పేరు చెప్పడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. వారి బుట్టల్లోని పాములు, కోరలు పీకి, కొన్నిసార్లు మూతి కుట్టి ఉంచినవి, ఎన్నాళ్లు బతికేవో ఆలోచిస్తే, అక్కడ నల్లి వైద్యం పరంపరగా నిలిచిందనడానికి ఆధారం కనిపించదు. పైగా ఆ సలహాకు జతచేసిన ఫొటోలో ఉన్నది జెర్రిపోతు. మన నేల మీది పాములను పట్టి ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైతాన్ వంటి విదేశీ జాతులను కూడా 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి.

మనిషిని ముట్టదన్నదీ సరికాదు. ఈ నల్లి మన మీద కాపురం పెట్టదు గానీ, కుట్టినప్పుడు చర్మం మీద దురదతో పొక్కులు లేచినట్లు వైద్య పత్రికల్లో నమోదై ఉంది.

మావాడు పామును హైదరాబాద్ తీసుకెళ్లి, ఇలాంటి జంతువులను చూసే వైద్యుడికి చూపించాడు. మందు ఆయనే తూచి ఇచ్చాడు, పెట్టెను మేము కడిగాము. పదహారో రోజున కాగితం మీద మళ్లీ మూడు నల్లచుక్కలు కనబడ్డాయి. రెండో మోతాదు పడింది. ఆ తరువాత ఇరవై మూడు రోజులుగా ఒక్కటీ కనబడలేదు, పాము గిన్నె వదిలి బయటే ఉంటోంది. కాగితం మాత్రం ఇంకా రోజూ మారుస్తున్నాడు.