కళింగనగరంలో కోట కోసం వెతికితే

విశాఖపట్నం నుంచి తెల్లవారుజామున బయలుదేరే ఒకరోజు యాత్రల్లో అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం ఎప్పుడూ ఇదే వరుసలో వస్తాయి. ఎండెక్కకముందే అరసవల్లిలో సూర్యనారాయణుడి దర్శనం, ఆ తర్వాత శ్రీకూర్మంలో కూర్మనాథుడు, భోజనాలయ్యాక నరసన్నపేట దగ్గర జాతీయ రహదారిని వదిలి జలుమూరు మీదుగా ముఖలింగం. చివరి మజిలీకి చేరేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు, పెద్దలకు మోకాళ్లు పట్టేసి ఉంటాయి, డ్రైవరేమో గడియారం చూసుకుంటూ ‘నలభై నిమిషాలు చాలు కదండీ, చీకటి పడకముందే హైవే ఎక్కేద్దాం’ అంటాడు. కిందటి కార్తికంలో మేము వెళ్లినప్పుడూ అంతే జరిగింది. ఆ నలభై నిమిషాల్లోనే మా పిన్ని ఒక ప్రశ్న అడిగింది. ‘ఇది గాంగ మహారాజుల రాజధాని కళింగనగరమని దారి పొడుగునా చెప్పుకొచ్చావు, మరి కోట ఏదిరా?’

నేను జవాబు వెతుక్కునేలోపే గుడి ముందు కొబ్బరికాయలు అమ్ముతున్న పెద్దాయన అందుకున్నాడు. ‘కోటేటి తల్లీ, కోటా నేదు గీటా నేదు. పొలం దున్నితే పాత ఇటికలు తగుల్తాయి, అంతే.’

పిన్ని అడిగినదాంట్లో తప్పేమీ లేదు. రాజధాని అనగానే మన కళ్ల ముందు ఆడేవి ఢిల్లీ ఎర్రకోట, గోల్కొండ బురుజులు, మైసూరు ప్యాలెస్ దీపాలు. టిక్కెట్టు కొని లోపలికి వెళితే రాజు కూర్చున్న చోటు, రాణి స్నానం చేసిన చోటు, ఏనుగులను కట్టిన చోటు గైడు వేలు పెట్టి చూపించాలి. అయితే ఎర్రకోట 1648లో పూర్తయింది, ఇప్పుడు మనం చూసే మైసూరు ప్యాలెస్ 1912లో. కళింగనగరం వైభవమంతా ఎర్రకోట పుట్టడానికి సుమారు ఐదు వందల ఏళ్ల ముందే ముగిసిపోయింది. ఆ కాలపు రాజధానిని ఈ కాలపు కొలతలతో కొలిస్తే పొలాలు, ఏరు, మూడు గుళ్లు తప్ప మరేమీ కనిపించవు.

దీనికి కారణం విధ్వంసం ఒక్కటే కాదు. మన ప్రాంతాల్లో పూర్వపు రాజులు నివాసాలను చాలావరకు కలపతో, ఇటుకతో, మట్టితో కట్టుకున్నారు. రాతిని దేవుడికి కేటాయించారు. హంపిలో రాజప్రాసాదాలుండిన ప్రాంతానికి వెళ్లి చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. అక్కడ ఇప్పుడున్నవి చెక్కిన రాతి అరుగులు, వాటి మీద స్తంభాలు నిలిపిన గుంటలు మాత్రమే. పైనున్న చెక్క కట్టడమంతా 1565లో విజయనగరం ఓడిపోయాక కాలిపోయింది, కూలిపోయింది, మట్టిలో కలిసిపోయింది. ఓరుగల్లు కోటలో నాలుగు శిలాతోరణాలు నిలిచే ఉన్నాయి గానీ కాకతీయుల అంతఃపురం ఇదీ అని చూపించడానికి గోడ లేదు. అక్కడున్న ఖుష్ మహల్ తర్వాతి పాలకుల కట్టడం. రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టిన రాజరాజనరేంద్రుడి కొలువుకూటం సంగతీ అంతే. కాబట్టి కోట లేకపోవడం ముఖలింగానికి మాత్రమే ఉన్న లోటు కాదు. కొలువు జరిగిన ఇల్లు పోయి, కొలువు రాయించిన రాతలు గుడి గోడల మీద మిగలడం మన పాత రాజధానులన్నిటికీ జరిగిందే.

కళింగనగరం పేరు ముందుగా బయటపడింది రాగిరేకుల మీద. సుమారు క్రీ.శ. 498 నుంచి లెక్కపెట్టే గాంగశకం తేదీలతో, కళింగాన్ని ఏలిన తూర్పు గాంగులు వేయించిన దానశాసనాల్లో తొలినాటివి కొన్ని దంతపురం నుంచి, తర్వాతివి ఎక్కువగా ‘విజయ కళింగనగరం’ నుంచి జారీ అయ్యాయి. మహేంద్రగిరి మీది గోకర్ణస్వామి పాదభక్తులమని ఆ రాజులు తమ శాసనాల్లో చెప్పుకున్నారు. మరి ఆ నగరం ఎక్కడిది? పేరులో పోలికను బట్టి వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నమే అది అనుకున్న పండితులున్నారు. ముఖలింగమే కళింగనగరమని వాదించినవారిలో ముందువరుసలో నిలిచినవాడు మనం వ్యావహారిక భాష పేరుతో తలుచుకునే గిడుగు రామమూర్తి. 1863 ఆగస్టు 29న ముఖలింగం పక్కనే ఉన్న పర్వతాలపేటలో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ పాత లిపులు చదవడం సొంతంగా నేర్చుకున్నాడు. గుడి శాసనాలు ఈ చోటును ‘నగరం’ అనే పేర్కొనడం, పక్క ఊరి పేరు ఇప్పటికీ నగరికటకం కావడం ఈ వాదానికి బలం ఇచ్చాయి. కటకమంటే రాజు విడిది. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం, గిడుగు చిత్రపటానికి దండ వేస్తాం. ఆయన పుట్టిన ఊరి పక్క శాసనాలను ఆ రోజైనా బడిపిల్లలకు చూపించిన సందర్భం నా కంటపడలేదు.

ముఖలింగంలో మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు అని మూడు ఆలయాలు. ఊరి మొదట్లో కనిపించే సోమేశ్వరాలయానికి ముఖమండపం లేదు. గర్భగుడి మీదనే నిట్టనిలువుగా లేచిన శిఖరం, ద్వారం మీద బారుగా కూర్చున్న నవగ్రహాలు. భువనేశ్వరం చూసినవారికి ఆ శిఖరం వెంటనే పోలిక తగులుతుంది. ద్రాక్షారామం, సామర్లకోట గుళ్లకు అలవాటుపడిన కళ్లు మాత్రం ఇది మన గుడేనా అని ఒక క్షణం తడబడతాయి. మన గుడే. కాకపోతే ‘మన’ అన్న మాటకు అప్పట్లో గోదావరి దగ్గరో మహానది దగ్గరో గీత గీసి లేదు. మధుకేశ్వరాలయ శాసనాల్లో సంస్కృతం పక్కనే తెలుగు ఉంటుంది. రాణులు, సేనానులు, వర్తకులు ఆవులను, మాడలనే నాణేలను ఇచ్చి అఖండదీపాలు పెట్టించిన వివరాలు వాటిలో ఉంటాయి. ఎవరికి ఏ పదవి ఉండేది, దీపానికి నెయ్యి పోసే పూచీ ఎవరిది, ధర్మం తప్పితే ఏ పాపం తగులుతుంది అన్నవి అక్కడే దొరుకుతాయి. ఒక రాజ్యం పద్దుపుస్తకం ఇంతకంటే వివరంగా ఏ అంతఃపురపు గోడ మీద ఉంటుంది?

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది మాత్రం దేవుడి పుట్టుక కథ. మధుకమంటే ఇప్పచెట్టు. శాపం వల్ల సవరలుగా పుట్టిన గంధర్వుల కథలో, ఒక ఇప్పచెట్టు మొదలులోంచి శివుడు ముఖం చూపించాడని స్థలపురాణం చెబుతుంది. దాన్ని భక్తికథగా విని ఊరుకోవచ్చు. కానీ ఒక సామ్రాజ్యపు రాజధానిలో, రాజులే స్వయంగా కొలిచిన దేవుడు కొండజాతి వారి చెట్టులో పుట్టాడని చెప్పుకోవలసిన అవసరం ఎందుకు వచ్చిందని అడిగితే ఆ కథ చరిత్ర చెప్పడం మొదలుపెడుతుంది. మైదానంలో వరి, వెనక కొండల్లో సవరలు, నడుమ వంశధార ఉన్న చోట రాజ్యం నిలవాలంటే కొండవారి దైవాన్ని రాతిగుడిలోకి గౌరవంగా తీసుకురాక తప్పదు. అదే వంశంలోని అనంతవర్మ చోడగంగ దేవుడు తర్వాత పూరీలో జగన్నాథుడికి పెద్దగుడి మొదలుపెట్టాడు. అక్కడి కథలోనూ సవర నాయకుడు విశ్వావసు ఉన్నాడు, అక్కడి మూలమూర్తి కూడా దారువే. ఈ రెండు కథల పోలిక కాకతాళీయమని నేను అనుకోను. ముఖలింగంలో గాంగులు నేర్చిన రాజనీతే పూరీలో పెద్దదైందని నా అభిప్రాయం. అందుకే పూరీ వెళ్లి వచ్చినవారు ముఖలింగాన్ని ‘ఇంకొక గుడి’గా చూసి రావడం నాకు బాధ కలిగిస్తుంది.

చోడగంగ పేరులోనే రెండు వంశాలున్నాయి. తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు. 1078లో పట్టాభిషిక్తుడైన ఆ రాజు ఉత్కళాన్ని గెలుచుకున్నాక రాజ్యపు నడిబొడ్డు ఉత్తరానికి జరిగింది, చివరికి రాజధాని కూడా వంశధార ఒడ్డు వదిలి మహానది ఒడ్డున కటకానికి చేరింది. రాజధాని ఎక్కడ ఉండాలన్న పేచీ మనకు ఈ పదేళ్లలో కొత్తగా పుట్టింది కాదన్నమాట.

విశాఖపట్నానికి ఈ కథతో సంబంధం ట్రావెల్స్ బండి వరకే కాదు. చోడగంగ శక సంవత్సరాలు 1003, 1040, 1057లలో, అంటే 1081, 1118, 1135 ప్రాంతంలో వేయించిన రాగిశాసనాలు చరిత్రకారుల లోకంలో విశాఖపట్నం శాసనాలుగానే పేరుపడ్డాయి. గాంగుల వంశక్రమం చెప్పడానికి ఇప్పటికీ వాటినే ఆధారం చేసుకుంటారు. మన ఊరు కొంతకాలం కులోత్తుంగ చోళ పట్నం అని కూడా పిలిపించుకుంది. కోణార్క కట్టించిన గాంగరాజు మొదటి నరసింహదేవుడి కాలంలో, 13వ శతాబ్దిలో, సింహాచలం గుడికి ఇప్పటి రూపం చాలావరకు వచ్చింది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు అదే గుడిలో తన గెలుపు శాసనం వేయించాడు. చందనోత్సవం నాడు గంటల తరబడి వరుసలో నిలబడే మన నగరవాసులు ఆ స్తంభాలకే చేతులు ఆనించి నిలబడతారు.

ఇంత సామగ్రి ఉండీ యాత్ర ఎందుకు నలభై నిమిషాలకు కుదించుకుపోతోంది? ఒక కారణం మన యాత్రల లెక్క. ఎన్ని గుళ్లు తిరిగామన్నదే పుణ్యానికి కొలమానం కాబట్టి బండివాడు అదే లెక్కన వేళలు కడతాడు, అతణ్ణి తప్పుపట్టలేం. రెండో కారణం, వెళ్లినవాడికి చెప్పే మనిషి గానీ చదువుకునే పలక గానీ దొరకకపోవడం. దక్షిణకాశి అనీ, కోటికి ఒక్కటి తక్కువగా లింగాలున్న ఊరనీ ఎవరైనా చెబుతారు. రక్షిత కట్టడమని, పాడుచేస్తే శిక్ష ఉందని నీలిరంగు పలక హెచ్చరిస్తుంది. కానీ ఈ స్తంభం మీద ఏమి రాసి ఉందో ఒక్క శాసనానికైనా నేటి తెలుగులో సారం రాసి పక్కన పెట్టినట్టు నాకు కనిపించలేదు. పైగా భక్తులు పూసిన పసుపు, కుంకుమ, దీపపు నూనె అక్షరాల గాళ్లలో పేరుకుని గట్టిపడిపోయాయి. నూనె మరక నల్లబడిన చోట ఒకావిడ కర్పూరం వెలిగించడం చూశాను. ఆవిడకు అక్కడ అక్షరాలున్నాయనే తెలియదు. తెలిస్తే వెలిగించేది కాదు.

పర్యాటకం అనగానే మన ప్రణాళికల్లో వచ్చేవి స్వాగత తోరణం, సిమెంటు బొమ్మలు, రంగు దీపాలు, ఏటి ఒడ్డున ఫుడ్ కోర్టు. కోట లేని లోటు తీర్చడానికి ఒక కొత్త కోట కట్టేద్దామని ఎవరైనా ప్రతిపాదించినా నేను ఆశ్చర్యపోను. ముఖలింగానికి వాటిలో ఏదీ అవసరం లేదు. పది ముఖ్యమైన శాసనాలకు మూలపాఠం, నేటి తెలుగు సారం రాసిన పలకలు, స్థానిక యువకుల్లో నలుగురికి చరిత్ర చెప్పే శిక్షణ ఉంటే చాలు. సరుబుజ్జిలి దగ్గర పాత దంతపురంగా చెప్పే దంతవరపుకోట మట్టిదిబ్బ, ముఖలింగం, బౌద్ధ శిథిలాలున్న శాలిహుండం, కళింగపట్నం కలిపి వంశధార వెంబడి ఒక దారి వేయడం ఆ తర్వాతి పని. విశాఖలో చరిత్ర చదువుతున్న విద్యార్థులకు కొదవ లేదు కాబట్టి మనుషులు దొరకరన్న సాకు కూడా చెల్లదు. దర్శనానికి వచ్చినవారిని చరిత్ర పేరుతో విసిగించకూడదన్న మాట వినిపిస్తుంటుంది. దీపం పెట్టించిన రాణి పేరు తెలిస్తే భక్తి తరిగిపోతుందని నాకైతే అనిపించదు.

మాఘంలో రెండోసారి వెళ్లినప్పుడు వరుస తిరగేశాం. ముందు ముఖలింగం, మిగిలినవి ఓపికను బట్టి. పాత లిపి చదవడం వచ్చిన మిత్రుడొకరు వెంట వచ్చారు. మండపంలో వెలుతురు చాలక పిన్ని ఫోను టార్చి వెలిగించి స్తంభానికి ఎదురుగా పట్టుకుంది, రాయి తెల్లగా మెరిసింది తప్ప ఏమీ కనిపించలేదు. మిత్రుడు ఆమె చెయ్యి పట్టుకుని టార్చిని పక్కకు, స్తంభానికి దాదాపు ఆనించి, ఏటవాలుగా తిప్పారు. ప్రతి గీతకూ నీడ పడి వరుసలు వరుసలుగా అక్షరాలు పైకి లేచాయి. ‘స్వస్తిశ్రీ, శకవర్షంబులు’ అంటూ ఆయన మొదటి పంక్తి మీద వేలు నడిపించారు.

‘శుభలేఖలో రాసినట్టే ఉందిరా’ అంది పిన్ని, టార్చి రెండో పంక్తి మీదికి దించుతూ.