ముందు టార్పెడో, తర్వాత విచారణ

ఆసుపత్రి నౌక మీద శత్రువుకు అనుమానం వస్తే ఏం చేయాలో 1907 నాటి హేగ్ ఒప్పందం తేటగానే చెప్పింది. ఆపవచ్చు, ఎక్కి వెతకవచ్చు, దారి మళ్లించవచ్చు. దాడి మాత్రం చేయకూడదు. 1918 జూన్ 27 రాత్రి ఐర్లాండ్‌కు నైరుతి దిక్కున, అట్లాంటిక్‌లో, జర్మన్ సబ్‌మెరైన్ యూ-86 కమాండర్ హెల్ముట్ పాట్జిగ్ ఈ వరుసను తలకిందులు చేశాడు. ముందు టార్పెడో వదిలాడు. ప్రశ్నలు ఆ తర్వాత, లైఫ్‌బోట్లలో ఉన్నవాళ్లను అడిగాడు.

ఆ నౌక లాండవరీ కాజిల్. బ్రిటిష్ నౌకా సంస్థ యూనియన్-కాజిల్ ఆఫ్రికా ప్రయాణికుల కోసం 1914లో గ్లాస్గోలో కట్టించిన ఓడ. మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, 1916లో, ఆసుపత్రిగా మారింది. తెల్లటి రంగు, చుట్టూ ఆకుపచ్చ పట్టీ, ఎర్ర శిలువలు, రాత్రయితే వాటిపై దీపాలు. మిగతా ఓడలు దీపాలార్పుకొని దాక్కుంటూ వెళ్తుంటే ఇది వెలుగుతూ వెళ్లేది. శత్రువు కంటపడటమే దానికి రక్షణ అనుకున్నారు.

కెనడా క్షతగాత్రులను హాలిఫాక్స్‌లో దించి లివర్‌పూల్‌కు తిరిగొస్తున్న ఓడలో 258 మంది ఉన్నారు. రోగులెవరూ లేరు. పది నిమిషాల్లో మునిగిపోయింది. 14 మంది కెనడా నర్సులు ఎక్కిన లైఫ్‌బోటు మునిగే ఓడ సుడిలోకి పోయింది, ఆ నర్సుల్లో ఒక్కరూ దక్కలేదు. ఓడలో అమెరికన్ వైమానిక అధికారులు ఉన్నారని పాట్జిగ్ పట్టుబట్టాడు. అలాంటివాళ్లెవరూ లేరని ఓడ కెప్టెన్ చెప్పాడు. నిజంగానే లేరు. అంటే తప్పు జరిగిందని అతనికి అక్కడే తెలిసింది. చేసిందేమిటి? సాక్ష్యం మిగలకుండా లైఫ్‌బోట్ల మీద ఫిరంగి పేల్చాడు. ఒక్క బోటు తప్పించుకుంది. అందులోని 24 మంది నోరు విప్పబట్టే లోకానికి తెలిసింది. పాట్జిగ్ మాత్రం లాగ్‌బుక్‌లో తప్పుడు మార్గం రాసి, సిబ్బంది చేత మౌనం పాటిస్తామని మాట తీసుకున్నాడు. ఆవేశంలో జరిగిపోయిందని సర్దిచెప్పడానికి ఇక్కడ ఏమీ మిగల్లేదు.

1921లో లైప్‌జిగ్‌లో జర్మనీ సుప్రీంకోర్టే విచారించింది. ఓడిన దేశపు జడ్జీలు యూ-86లో పనిచేసిన తమ నేవీ అధికారులు డిట్మార్, బోల్ట్‌లకు చెరో నాలుగేళ్ల జైలు వేయడం చిన్న విషయం కాదు. పై అధికారి ఆర్డర్ అన్న వాదనను కోర్టు తోసిపుచ్చింది. నిస్సహాయులను చంపమనే ఆదేశం చట్టవిరుద్ధమని ఎవరికైనా తెలిసేదే అంది. నేటికీ అమెరికా రక్షణశాఖ యుద్ధనియమాల మాన్యువల్ ఈ తీర్పును ఉదహరిస్తోంది.

తీర్పు గొప్పదే, అమలే నవ్వులపాలైంది. కొన్ని నెలల్లోనే ఇద్దరూ జైలు నుంచి తప్పించుకున్నారు. అసలు ఆర్డరిచ్చిన పాట్జిగ్ బోనెక్కనే లేదు. అతని సొంతూరు డాన్‌జిగ్ అప్పటికి జర్మనీ చేతిలో లేదు, కాబట్టి జర్మన్ కోర్టు అధికారం అక్కడ చెల్లలేదు.

1949 జెనీవా ఒప్పందం ఈ సందును పూడ్చే ప్రయత్నం చేసింది. అనుమానముంటే ఓడలో తనిఖీ చేయవచ్చు, తమ ప్రతినిధిని ఎక్కించవచ్చు అన్న పాత నియమాన్ని అలాగే ఉంచింది. ఘోరమైన ఉల్లంఘనలకు పాల్పడినవారిని, ఆదేశించినవారిని ప్రతి సభ్యదేశమూ వెతికి విచారించాలి, లేదా అప్పగించాలి. కాబట్టి ఆసుపత్రిపై గానీ, దాడిలో బతికి బయటపడ్డవారిపై గానీ మళ్లీ కాల్పులు జరిగినప్పుడు ట్రిగ్గర్ నొక్కిన సైనికుడితో కేసు ముగించడానికి ప్రభుత్వాలు ప్రయత్నిస్తే ఒప్పుకోకూడదన్నది మా అభిప్రాయం. ఆర్డర్ ఎవరిదో, ఆ మనిషి ఇప్పుడు ఏ దేశంలో ఉన్నాడో మొదట అడగాలి.