ఖాళీ అయినా నోరు తెరవని ఏకే బోల్టు గారికి

మహారాజరాజశ్రీ ఏకే-47 బోల్టు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇవాళ మధ్యాహ్నం కాల్పుల సాధన చేసే రేంజిలో ట్రిగ్గర్ నొక్కితే మళ్ళీ తమరి గొంతు వినిపించింది. "టక్." తూటాని ఛాంబర్‌లోకి, అంటే అది పేలే గదిలోకి, తోసి మూసే ఇనుప తలుపు తమరు. చివరి తూటా పోయినా తెరుచుకుని నిలబడరు, మూసుకునే ఉంటారు. 30 రౌండ్లూ అయిపోయాయని తమరు కబురు పంపే పద్ధతి అదొక్కటేగా!

అమెరికా రైఫిల్ ఎం16లో చివరి రౌండు పోగానే మ్యాగజైన్‌లో (తూటాల డబ్బాలో) తూటాలను పైకి తోసే పలక, అదే ఫాలోయర్, పైకొచ్చి బోల్ట్ క్యాచ్ అనే అడ్డుమీటని ఎత్తుతుంది, బోల్టు వెనకే ఆగుతుంది. కొత్త మ్యాగజైన్ తోసి, ఎడమ పక్క మీట ఒక్క దెబ్బ కొడితే సరి. తమరి దగ్గరో? లివర్ నొక్కి, పాత మ్యాగజైన్‌ని ముందుకు వంచి ఊడదీయాలి. కొత్తదాని ముందు కొక్కెం తగిలించి వెనక్కి బిగించాలి. ఆపైన తమరిని వెనక్కి లాగే పిడి, కుడి పక్క కాకింగ్ హ్యాండిల్, పూర్తిగా లాగి వదలాలి. భయపడి చేత్తో మెల్లగా దించామా, తమరు సగంలోనే అలిగి కూర్చుంటారు.

పోనీ, అమెరికా వాడి గొడవ మనకెందుకు. తమరి అన్నగారు ఎస్‌కేఎస్ రైఫిల్ తినేదీ అదే 7.62×39 తూటా. పదీ పేలగానే బోల్టు తెరుచుకుని నిలబడతాడు. పైనుంచి క్లిప్పుతో నింపాలి గనక ఆయనకు తప్పలేదంటారా? మరి డ్రగునోవ్ స్నైపర్ రైఫిల్‌ది తమరిలాగే ఊడొచ్చే మ్యాగజైనే! అతను తెరిచి చూపిస్తాడే? ఒకే సోవియట్ దేశంలో పుట్టి మీకొక్కరికే ఏం రోగం?

జర్మనీ రైఫిల్ జీ3కీ ఈ సుగుణం లేదు, కానీ హ్యాండిల్ పైకి తిప్పి గాడిలో ఆపుకోనిస్తుంది. యుగోస్లావియా వాళ్ళు ఫాలోయర్ వెనకంచు నిటారుగా చేసి మిమ్మల్ని ఆపి చూశారు. మ్యాగజైన్ తీయగానే తమరు ధడాలున మూసేసుకున్నారు. ఛాంబర్ ఖాళీ అని చూపించమంటే ఒక చెయ్యి హ్యాండిల్‌కే అంకితం. హ్యాండిల్ తగిలి ఆగేలా సేఫ్టీ లివర్‌కి గాడి కోయించుకున్నవాడిదే భాగ్యం. అమేఠీ కోర్వాలో పుడుతున్న ఏకే-203 రైఫిల్‌కీ ఇదే ఆస్తి పంచారు.

మూసి ఉంటేనే బురద లోపలికి పోదంటారు తమ భక్తులు. నిజమే, కాదనను. తెరిచిన నోట్లో ఇసుక పడ్డ ఎం16ని చూశాక అసలే కాదనను.

అయినా ఖాళీ అవుతున్న సంగతి తెలియాలిగా! అందుకే మ్యాగజైన్ అడుగున వెలుగు గీత గీస్తూ పోయే ట్రేసర్ తూటాలు 3, పైన 27 మామూలువి నింపుతున్నాం. మొదటి వెలుగు గీత కనపడగానే మ్యాగజైన్ మారిస్తే ఛాంబర్‌లో ఇంకా ఒకటి ఉంటుంది, హ్యాండిల్ జోలికే పోనక్కర్లేదు. మీరు చెప్పాల్సింది తూటాతో చెప్పించుకుంటున్నామన్నమాట.

ఇట్లు,
ఖాళీ ఛాంబర్ మీద మళ్ళీ నొక్కిన చూపుడువేలు