అద్దెకు ముందు అట్లాసు

అనంతపురంలో మా మేడమీది పోర్షన్ ఖాళీ అయింది. అద్దెకొచ్చేవాళ్ళకు కొదవ లేదు, కొదవంతా వాళ్ళ భూగోళానికే. కోస్తా నుంచి బదిలీ మీద వస్తున్న ఆఫీసరొకాయన ఫోన్ చేశాడు. అద్దె అడగలేదు, అడ్వాన్సూ అడగలేదు. "మీ ఇంటికి బీచ్ ఎంత దూరమండీ?" అన్నాడు.

నేను మర్యాదస్తుణ్ణి. "సాయంత్రం వాకింగ్‌కి వీలుకాదు సార్. పొద్దున టిఫిన్ తిని కారెక్కితే, దారిలో భోంచేసి, సాయంత్రానికి చెన్నైలో సముద్రం చూడొచ్చు" అన్నాను.

"అదేంటండీ, ఆంధ్రాకి బోలెడు తీరముంది కదా!"

ఉంది. మా వాటాకు రాలేదు.

సామాను దిగింది. మూడు గొడుగులు, నలుగురికీ రెయిన్‌కోట్లు. పడమటి నుంచి వచ్చే నైరుతి మబ్బులు కనుమల అవతలే సగం ఖాళీ అవుతాయనీ, తూర్పు నుంచి వచ్చే ఈశాన్యానికి మా దాకా నడిచే ఓపిక ఉండదనీ, ఏడాది మొత్తానికి మాకు దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లేననీ ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పింది సినిమా ఒక్కటే. అదీ ఒక్క ముక్కే చెప్పింది: ఫ్యాక్షన్.

ఆ ముక్క మూడోరోజు మధ్యాహ్నం తెల్ల సుమోలో వచ్చింది. మా గేటు ముందే ఆగింది. నలుగురు దిగారు. నలుగురికీ మీసాలున్నాయి (ఎండకు మీసం రాలిపోదు, ఏం చేస్తాం). పైన గోనెపట్టాలో చుట్టి కట్టిన పొడవాటి సరుకు. ఆఫీసరు పెళ్ళాం పిల్లల్ని లోపలికి తోసి గడియ పెట్టాడు. కిటికీ సందులోంచి ఒక కన్ను మాత్రం బయట పెట్టాడు. మీసాల్లో పెద్దాయన మెట్లెక్కి తలుపు తట్టాడు.

"సామీ, రోంత నీళ్ళియ్యి. ఎండ సంపుతాంది."

తలుపు బెత్తెడు తెరుచుకుంది. గ్లాసొకటి వణుక్కుంటూ బయటికొచ్చింది, సగం నీళ్ళు గడప మీదే ఒలికాయి. పెద్దాయన మిగిలిన సగం తాగి, "సల్లగుండు సామీ" అని దిగిపోయాడు. గోనెపట్టాలో ఉన్నవి వేరుశనగ చేనుకు కొన్న స్ప్రింక్లర్ పైపులు.

అందుకే ఇకమీదట మా టు-లెట్ బోర్డు కింద ప్రశ్నపత్రం కూడా వేలాడదీద్దామనుకుంటున్నాను. పుట్టపర్తి ఏ జిల్లా? (అనంతపురం అన్నవాళ్ళకు సగం మార్కులే, 2022 ఏప్రిల్ నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా.) సినిమావాళ్ళు మా ఏరియాను ఇంకా 'సీడెడ్' అని ఎందుకంటారు? 1800లో నిజాం మమ్మల్ని ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు కాబట్టి. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకున్నాం. అయినా మామీద సినిమాలు తీసి మాకే అమ్మేవాళ్ళు పాత పేరే వాడతారు.

చివరి ప్రశ్న శ్రీబాగ్ ఒడంబడిక. దీనికి మాత్రం నవ్వు రావడం లేదు. 1937లో కోస్తా పెద్దలు, సీమ పెద్దలు కూచుని కృష్ణా, తుంగభద్ర నీళ్ళలో సీమకు మొదటి పీట అని రాసుకున్నారు. ఏదా పీట? 1953లో కర్నూలును రాజధాని చేశారు, గుడారాలు వేశారు, మూడేళ్ళకు పీకేశారు. నీళ్ళు అడిగితే కరువు మా జాతకమంటారు. కరువా జాతకం? రాసిచ్చిన మాట తప్పడం ఎవరి జాతకం?

ఏటా ఆదోని, కోసిగి పల్లెల నుంచి జనం పిల్లాపాపల్తో గుంటూరు మిరప కోతలకు పోతారు. ఇంటికి తాళం, బడిలో పిల్లాడి చోటు ఖాళీ. వాళ్ళకు పటం అక్కర్లేదు. ఏ చేను దగ్గర తాగే నీళ్ళుంటాయో, ఏ గట్టు మీద పట్టా కట్టుకుంటే ఎవరూ లేపరో వాళ్ళకు తెలుసు. అక్కడ సేఫేనా అని ఫోన్ చేసి అడిగే వీలు వాళ్ళకెప్పుడైనా ఉందా?

ఆఫీసరుకు ఇల్లిచ్చాను. మనిషి మంచోడే, అద్దె ఐదో తారీఖుకే ఇస్తాడు. గొడుగులు మా అమ్మ పుచ్చుకుంది, మే నెల ఎండకు. నిన్న టీవీలో బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే మెట్లు దిగొచ్చి, "కిటికీలు బిగించాలాండీ?" అన్నాడు.

బిగించమన్నాను. దుమ్మన్నా రాకుండా ఉంటుంది.